కంప పరిచిన మనిషి

పొద్దున్నే ఊరి మంచినీళ్ల బావి మీద ఎవరో తుమ్మకంప పరిచారు.

పరిచినవాడు గొంగడి కప్పుకుని పక్కనే కూర్చున్నాడు. ఊరివాడు కాదు.

“గీ నీళ్లు తాగకుర్రి. మీ ఊర్ల ఇద్దరికి వాంతులు వట్టినయి. ఇద్దరు గీ నీళ్లే తాగిన్రు. ఇది గత్తర.”

నిజాం సర్కారు రోజులవి. గత్తరకు, అంటే కలరాకు, సూదిమందు ఉందని విన్నవారే గాని చూసినవారు లేరు.

“మరేం తాగాలె? చెలక బాయి నీళ్లు ఉప్పు, నోట్ల వెట్టుకోరావు!” కడవతో మీదికొచ్చింది ఈదమ్మ.

“ఉప్పయినా సరే, కాగబెట్టుకొని తాగుర్రి అవ్వా.”

తిట్లు మొదలయ్యాయి. ఎవరో రాయి కూడా విసిరారు. నుదురు చిట్లినా ఆ మనిషి లేవలేదు.

ఊరి పెద్ద జంగయ్య దూరం నుంచే చూశాడు. ఏ పంచాయితీకైనా ముందు తన మనిషి బక్కయ్యను కల్లు దుకాణానికి పంపి, జనం మాట తెలుసుకుని, అదే తన మాటగా చెప్పడం ఆయన పద్ధతి. అందుకే ఇన్నేళ్లలో ఆయన్ను కాదన్నవాడు లేడు.

“ఏమంటున్రు బక్కయ్యా?”

“సగం మంది తరుముదామంటున్రు. సగం మంది జూద్దామంటున్రు.”

“అయితే జర ఆగుదాం. అందరు ఒక్క మాట మీదికి రానీ.”

ఈలోగా ఆ మనిషి కునుకు తీసినప్పుడు కంప జరిపి నీళ్లు తోడుకున్న ఇంట్లో ఒకరు పోయారు. ఉప్పునీళ్లు కాచుకున్న ఇళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

ఈదమ్మ గటక తెచ్చి ఆయన ముందు పెట్టింది. “తిను కొడుకా. తిట్టిన, మనసుల వెట్టుకోకు.”

జంగయ్య అటు వెళితే ఎవరూ లేచి నిలబడలేదు.

వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. అడిగిందల్లా ఇచ్చినందుకు తనకు దండాలు, అడిగింది ఇవ్వనన్నందుకు వీడికి దండాలు!

“వాడెక్కడోడో అరుసుకొని రా బక్కయ్యా. ఏదో ఒక మచ్చ ఉండకపోదు.”

బక్కయ్య వచ్చేదాకా కూడా ఆగలేకపోయాడు. తానే బావి దగ్గరికి పోయాడు.

“ఊరికి ఇద్దరు పెద్దలెందుకు? నువ్వు పో.”

ఆ మనిషి గొంగడి దులుపుకుని లేచాడు.

“పోత. వానలు పడేదాంక కంప తియ్యనియ్యకు. ఎందరడిగినా తియ్యనియ్యకు.”

ఆయన దారి మలుపు దాటగానే జంగయ్యకు ప్రాణం కుదుటపడింది. మంచినీళ్లకు మొహం వాచిన జనం ఇప్పుడేం కోరుకుంటారో ఒకరిని అడగక్కర్లేదు. వాళ్లను మళ్లీ తన వైపు తిప్పుకోవాలని ఉత్సాహంగా కంప మీద చెయ్యి వేశాడు.

అప్పుడే బక్కయ్య రొప్పుతూ వచ్చాడు.

“దొరికిందా మచ్చ?”

“దొరికింది. పేరు మల్లప్ప. మూసీ అవతలి ఊరు. గత్తరకు పెండ్లాం, ఇద్దరు బిడ్డలు పోయిన్రట. సగం ఊరు పోయిందట.”

“పాపం. గందుల మచ్చేంది?”

బక్కయ్య ఆయన మొహంలోకి చూడలేదు.

“ఆ ఊరికి పెద్ద ఆయనే. బాయి మూద్దామా అని ఇల్లిల్లు తిరిగి అడిగిండట, అందరు వద్దన్నరని ఊకున్నడట.”