గడప దాకా వచ్చిన హెడ్డు

"ఆడమనిషున్న ఇంటికి ముచ్చటగా మూడోసారి వచ్చావు. ఏం పని నీకిక్కడ?"

క్రీస్తుదాసు చేతికందిన కర్ర తీసుకుని లేచాడు.

హెడ్ కానిస్టేబుల్ మీరావలి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సైకిలు పల్లె మొగదలే దిగి నడిచొచ్చాడు. ఆ స్టేషనుకు బదిలీ మీద వచ్చి ఇంకా నెల కాలేదు.

"రెబ్కమ్మని నాలుగు మాటలడిగి రాసుకుపోతా. మీ అమ్మని కూడా పక్కనే కూర్చోమను."

"అడిగేదుంటే స్టేషనుకి పిలువు. మా తాతల కాణ్ణుంచి మీరు పిలిస్తే మేం పోటమేగానీ, పోలీసోళ్లు మా గడపలోకొచ్చింది ఎప్పుడు?"

"స్టేషనుకెందుకయ్యా? ఇక్కడే చెప్పనీ."

"ఇన్నారా? ఇక్కడే కావాలంట అయ్యగారికి!"

చుట్టూ చేరినవాళ్లు గొల్లున నవ్వారు.

అది 1984, ఏప్రిల్. పది రోజుల కిందటే క్రీస్తుదాసు తమ్ముడు, రెబ్కా మొగుడు ఏసోబు మిరపకాయల కల్లంలో చచ్చిపోయాడు. దాహమేసి కామందు కుండలో నీళ్లు ముంచుకున్నాడు. కామందు కర్ర తీసుకుని తలమీద కొట్టాడు. పక్కన తాలుకాయలు ఏరుతున్న రెబ్కా ఒక్కతే అది కళ్లారా చూసింది.

వడదెబ్బ అన్నారు పెద్దమనుషులు. పెద్దమనుషులట! ఆ సాయంత్రమే దగ్గరుండి పూడ్పించారు.

"ఆమె చెబితే గొయ్యి తవ్వించి డాక్టరుకి చూపించొచ్చు," అన్నాడు మీరావలి గొంతు తగ్గించి.

ఇంకేదో చెప్పబోయి ఆగాడు. కామందు పాలేరు కంచె పక్కన నిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు.

మీరావలి జేబులోంచి మడత కాగితం తీసి రెబ్కా చేతిలో పెట్టాడు.

"టీచరమ్మ చేత చదివించుకో తల్లీ."

"ఉత్తరాలు కూడానా!"

క్రీస్తుదాసు కర్ర హెడ్డు భుజం మీద పడింది. టోపీ దుమ్ములో పడింది. మీరావలి వంగి టోపీ తీసుకుని, దులుపుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పోలీసును కొట్టినా కేసు లేదు. తప్పు చేశాడు కాబట్టే నోరెత్తలేదని పల్లె తేల్చేసింది.

ఏసోబు తల్లి కొండమ్మ ఆ కాగితం లాక్కుని చూరులో దోపింది. అక్కడ కాగితం చదివి చెప్పే దిక్కు మిషను బడి టీచరు జయకుమారి ఒక్కతే. ఆమె గుంటూరు వెళ్లింది. ఆదివారానికిగానీ రాదు.

మూడంటే మూడు రోజులు. ఆగితే ఏం పోయేది? కానీ రోషానికి అంత ఓపికెక్కడిది!

మర్నాడే క్రీస్తుదాసు పల్లెను వెంటేసుకుని హెడ్డు మీద ఫిర్యాదుకు స్టేషనుకు వెళ్లాడు. ఎస్సై అందర్నీ బల్లల మీద కూర్చోమన్నాడు. ఆ పల్లెవాళ్లు స్టేషనులో బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. అనుమానం అక్కడే రావాలి. రాలేదు.

"మంచి పని చేశావురా దాసూ. గవర్నమెంటు కొత్త చట్టం తెచ్చింది, తెలుసా? ఆడవాళ్ల జోలికొస్తే పోలీసోడైనా జైలుకే. అర్జీ రాయిస్తా, వేలిముద్రలెయ్యండి."

ఎంత చల్లగా ఉందో ఆ మాట! పోటీలు పడి వేశారు.

"మరి మా తమ్ముడి సంగతి?"

"దానిదేముంది? మీ మరదల్ని రేపు తీసుకురా. ఏదైనా పద్ధతి ప్రకారం ఉండాలి."

పద్ధతి అన్న మాటకు క్రీస్తుదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సాయంత్రానికే మీరావలిని స్టేషను నుంచి పంపించేశారు.

శనివారం పొద్దున్నే క్రీస్తుదాసు రెబ్కాను వెంటబెట్టుకుని వెళ్లాడు. "భయపడబాక. జరిగింది జరిగినట్టు చెప్పు," అని దారంతా ధైర్యం చెప్పాడు.

"నువ్వు బయటుండు. ఆడమనిషి చెప్పేటప్పుడు మగాళ్లు వినకూడదు," అన్నాడు ఎస్సై.

తలుపు మూసే ముందు లోపల కామందు కనిపించాడు. కాలు మీద కాలేసుకుని సోడా తాగుతున్నాడు.

క్రీస్తుదాసు పొద్దుగూకేదాకా వరండాలో నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు తలుపు కొట్టాడు. సెంట్రీ తుపాకి అడ్డం పెట్టాడు.

రెబ్కా కాలు ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. బొటనవేలికి సిరా ఉంది.

"ఏం చెప్పావు?"

"వడదెబ్బని చెప్పా," అంది.

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం జయకుమారి వచ్చింది. కొండమ్మ చూరులోంచి కాగితం తీసిచ్చింది. టీచరు చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఇది పోలీసులకొచ్చిన సర్క్యులరు దాసన్నా. సాక్ష్యం కోసం ఆడవాళ్లని స్టేషనుకు పిలవకూడదంట. పోలీసులే వాళ్లుండే చోటికెళ్లి అడగాలంట."

"మరి ఎస్సై చెప్పిన చట్టం?"

"అదీ నిజమే. ఆయన తనకు కావలసిన ముక్కే చెప్పాడు."

క్రీస్తుదాసు తన బొటనవేలు చూసుకున్నాడు. అర్జీ మీద వేసిన సిరా ఇంకా పూర్తిగా పోలేదు. వేలిని గోడకేసి రుద్దాడు. తోలు ఊడినా రుద్దుతూనే ఉన్నాడు.

"వెనక చేత్తో రాసింది కూడా ఉంది," అంది జయకుమారి. పైకి చదివింది.

"ఎవరు పిలిచినా స్టేషనుకు రావద్దు తల్లీ, నేను పిలిచినా రావద్దు, నువ్వు చెప్పేదాకా ఎన్నిసార్లయినా నేనే మీ గడప దగ్గరికి వస్తాను."