మూడో వరసలో తెల్లచొక్కా

టీవీలో తన పాట రెండో చరణంలోకి రాగానే కృపాకుమారి గబుక్కున లేచి నిలబడింది.

మూడో వరసలో తెల్లచొక్కా. భుజాన తువ్వాలు. ఆ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్న మనిషి.

"జరీనా, మా నాన్నే!"

గుడివాడలో వాళ్ళిద్దరూ ఒకే ఆర్కెస్ట్రాలో పాడతారు. ఒకే గదిలో ఉంటారు. జరీనా నోరు వెళ్ళబెట్టింది.

"నాలుగేళ్ళుగా నీ ఫోనే ఎత్తని నాన్నా?"

ఆయనే. రాజారత్నం. వారమంతా కోడూరు రొయ్యల చెరువుల దగ్గర కూలి పని, ఆదివారం చర్చిలో పాటలు నేర్పే క్వయర్ మాస్టారు. ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ బిగబట్టాలో కూతురికి నేర్పింది ఆయనే. ఆ గొంతు దేవుడిదని ఆయన నమ్మకం. ఆ పిల్లేమో పెళ్ళి పందిళ్ళలో సినిమా పాటలు అందుకుంది. అంతే. మాటల్లేవు, ఫోన్లు లేవు. క్రిస్మస్‌కి వెళ్తే తలుపు తియ్యలేదు. మనిషి మంచివాడే గానీ పట్టుదల ఒళ్ళంతా ఉంది.

అలాంటివాడు హైదరాబాదు దాకా వెళ్ళి, పాటల పోటీలో జనం మధ్య కూర్చుని, కూతురి పాటకి ఏడ్చాడు. టీవీ వాళ్ళు ఒకసారి కాదు, మూడుసార్లు చూపించారు.

"వస్తున్నానని చెప్పనైనా చెప్పలేదు చూడు," అంది కృప కళ్ళు తుడుచుకుంటూ. "లైట్లు మొహాన కొడుతుంటే ఎదురుగా ఎవరున్నారో నాకు కనిపిస్తేగా!"

పోటీలో ఆమె నెగ్గలేదు. ఇప్పుడా సంగతి ఎవరికి కావాలి? ఇంటికి రావే అని ఆయన ఒక్క మాట అంటే చాలు.

తెల్లారేసరికి అవనిగడ్డ బస్సెక్కింది. మోపిదేవిలో బస్సు ఆగితే దిగి చక్కెరకేళీలు కొంది. ముందు ఏం మాట్లాడాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. క్షమించమని అడగాలా? పాడటం తప్పెలా అవుతుంది? పోనీ, ఏమీ అనకుండా పక్కన కూర్చుంటే చాలదూ?

కోడూరులో ఆటో దిగగానే పక్కింటి రత్నకుమారి ఎదురొచ్చింది.

"మొత్తానికి మాస్టారిని ఏడిపించేశావు కదే! రాత్రి ఊరంతా చూశాం."

ఈసారి తలుపు తీసే ఉంది. రాజారత్నం మంచం మీద కూర్చుని పాటల పుస్తకానికి అట్ట వేసుకుంటున్నాడు. కూతుర్ని చూసి, "కూర్చో," అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట. కృప ఆనందంగా చక్కెరకేళీలు మంచం మీద పెట్టింది. ఆయన పక్కన కూర్చుని అడిగింది.

"నాన్నా, నా పాట అంత నచ్చిందా?"

"నీ పాట నేను వినలేదు."

"అదేంటి? టీవీలో చూశాగా, ఏడుస్తూ..."

"చెరువుల్లో పని లేదని ఇంట్లో ఉంటే, ఏదో షూటింగు, కూలి ఇస్తారని మన ఊరి దేవదానం హైదరాబాదు బస్సులో తీసుకెళ్ళాడు. పొద్దున్నే ఖాళీ స్టేజీ ముందు కూర్చోబెట్టారు. కాసేపు చప్పట్లు కొట్టమన్నారు, కాసేపు నవ్వమన్నారు, కాసేపు ఏడవమన్నారు. అన్నీ కెమెరాలో తీసుకుని మధ్యాహ్నానికల్లా బస్సెక్కించేశారు. ఆ తర్వాత అక్కడ నువ్వు పాడావని రాత్రి ఊళ్ళోవాళ్ళు చెబితేనే తెలిసింది."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది కృప.

"పాటే లేకుండా అంత ఏడుపు ఎలా వచ్చింది నాన్నా?"

రాజారత్నం పుస్తకం పక్కన పెట్టి, మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"ఏడుపు రానివాళ్ళు మీ ఇంట్లో చచ్చిపోయినవాళ్ళని తలుచుకోండి అన్నారు, నేను నిన్ను తలుచుకున్నాను."