జానెడు కుట్టు

శారదకు కునుకు పట్టగానే కేశవరావు చిన్న కత్తెర అందుకున్నాడు.

రోజూ ఇదే పని. ఆఫీసులో మధ్యాహ్నం మూడు గంటలపాటు విరామం. ఈ అరబ్బు దేశంలో, అరాద్‌లో ఉన్న తమ ఫ్లాటుకి వస్తాడు, తింటాడు. భార్య నడుం వాల్చగానే, పొద్దుటి నుంచీ ఆమె కుట్టిన జానెడు కుట్టునీ పోగు పోగుగా తెంపి లాగేస్తాడు. ఛీ, ఏం బతుకిది అనుకుంటూనే లాగుతాడు.

అదొక గుండె బొమ్మ. పై అంతస్తులో ఉండే మెక్సికో ఆవిడ నేర్పింది. వాళ్ల దేశంలో మొక్కుకుని గుండె బొమ్మలు సమర్పిస్తారట. తల్లి నాటి పట్టుచీరల ముక్కలు అతికి, చుట్టూ పువ్వులూ పిట్టలూ కుడుతోంది శారద. పూర్తయిన రోజున గుమ్మానికి కడుతుంది. పడవలో షికారుకెళ్లి గల్లంతైన కొడుకు అనురాగ్ ఇంటికొస్తాడు. అదీ ఆమె మొక్కు.

అనురాగ్ రాడు. జల్లాఖ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని గుర్తుపట్టింది కేశవరావే. అప్పుడు శారద ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉంది. ఆచూకీ దొరకలేదని అబద్ధమాడాడు. రెండేళ్లయింది, నిజం ఇంకా నోరు దాటలేదు. బొమ్మ గుమ్మానికెక్కాక కూడా వాడు రాకపోతే ఈ పిచ్చిది బతుకుతుందా?

శారద లేచి బొమ్మ చూసుకుంది.

"అయ్యో రామ! మళ్లీ ఊడిపోయిందండీ. నా చేతులు పడిపోను!"

"నీ చేతులకేం? మీ అమ్మ చీర నలభై ఏళ్లది. దారం నిలవదు."

"ఇంక జానెడే కదా. దసరాకి కట్టేస్తాను, చూడండి."

కేశవరావు మొహం తిప్పుకున్నాడు.

ఆ వారమే నెత్తిన పిడుగు పడింది. సముద్రానికి అవతల, పక్క దేశంలోని దమ్మాం బ్రాంచిలో నాలుగు రోజుల పని. వెళ్లలేనని కాళ్లావేళ్లా పడ్డాడు.

"నాలుగు రోజులే కదా, యల్లా, బయల్దేరు!" అన్నాడు మేనేజరు.

అక్కడ అతనికి అన్నం సయించలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "కుడుతున్నానండీ" అనేది శారద. ఇంకేముంది, ఖలాస్ అనుకున్నాడు. నిజం ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో, తిరిగొచ్చేటప్పుడు సముద్రం మీది వంతెన పొడవునా గొణుక్కుంటూనే ఉన్నాడు.

గుమ్మం బోసిగా ఉంది. లోపల శారద ఒళ్లో బొమ్మ పెట్టుకుని కూర్చుంది. కుట్టాల్సిన జానెడూ అలాగే ఉంది.

"మళ్లీ ఊడిపోయిందండీ," అంది తలెత్తకుండా.

ఈ నాలుగు రోజులూ ఆ ఇంట్లో శారద ఒక్కతే ఉంది.