మాత్రల పిచ్చి

నాకు మాత్రల పిచ్చి పట్టిందని మా ఇంట్లో అందరి నమ్మకం. పేగులు మెలిపెట్టే ఈ జబ్బుకు నొప్పికి రాసిచ్చిన మత్తు మాత్రలు చేటని డాక్టర్ చెప్పాక నేను వాటిని ముట్టలేదు. వేడినీళ్ల సంచి పొట్టకు అదుముకుని నెట్టుకొస్తున్నాను. అలమరలో మిగిలినవి మాయమైతే నింద నా మీదే.

ఈ ఉదయం అన్నయ్య ఆ సంచిని కత్తితో చీల్చాడు. నీళ్లు నా తొడలు కాల్చాయి. జుట్టు పట్టుకుని నా తలను గోడకేసి కొట్టాడు.

"ఎక్కడ దాచావే?"

గుమ్మంలో అమ్మ కళ్లొత్తుకుంది. "వాడు కొట్టేది నీ బాగు కోసమే తల్లీ. ఆ పాడు మాత్రలు మానెయ్."

అమ్మ అటు తిరగగానే అన్నయ్య నా చెవిలో అన్నాడు: "డాక్టర్ దగ్గర గట్టిగా ఏడు. మళ్లీ రాయించు. నా చేతులు వణుకుతున్నాయే."

పోలీసులకు ఫోన్ చేశాను. వాళ్లొస్తే తలుపు నేనే తీస్తాను.