బదులు ఊపిరి

ఊపిరి పట్టీలు వచ్చాక ఆ ఊరి పలకరాయి మిల్లులో పనివాళ్ల నిద్ర మూడు గంటలకు తగ్గిపోయింది. పట్టీ రొమ్ముకు కట్టుకుని అరగంట ప్రాణాయామం చేస్తే మెదడులోని నీరు చకచకా పారి, రాత్రంతా నిద్రలో కడగాల్సిన మురికిని మూడు గంటల్లోనే కడిగేస్తుందన్నారు. మిగిలిన గంటలన్నీ మిల్లే మింగింది. ప్రాణాయామం పూర్తయినట్టు పట్టీ మీద పచ్చదీపం వెలగకపోతే మిల్లు గేటు తెరుచుకోదు.

గురవయ్య ఊపిరితిత్తుల నిండా ముప్పై ఏళ్ల రాతిపొడి. ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టేలోపే దగ్గు తెర ముంచుకొచ్చేది. అందుకని భార్య కాశమ్మ ఆ పట్టీ తన రొమ్ముకు కట్టుకుని అతని బదులు తానే చేస్తూ వచ్చింది. ఏడాదిగా ఒక్కరోజూ పచ్చదీపం తప్పలేదు; అతని నిద్ర మాత్రం మూడు గంటలే.

మొదట అతను ఇంటిదారి మరిచిపోయాడు. తరవాత కూతురి పేరు. ఆస్పత్రిలో డాక్టరమ్మ పట్టీ లెక్కలు చూసి, "ఇంత శుభ్రంగా కడిగిన మెదడు నేను చూళ్లేదమ్మా. వయసు మీద పడింది, అంతే," అంది. నిజం చెబితే ఆ పూటే పని ఊడుతుంది. కాశమ్మ అతని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చింది.

ఇవాళ తెల్లారి ఆమె పట్టీ అందుకోబోతే గురవయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని ముట్టుకోమాకండమ్మా," అన్నాడు, పరాయి మనిషితో మాట్లాడినంత మర్యాదగా. "అది మా ఇంటామె కట్టుకునేది. నా బదులు ఆమే పీలుస్తాది. ఇప్పుడే వస్తాది, కూర్చోండి."

కాశమ్మ కూర్చుంది. మిల్లు కూత వేసేదాకా ఇద్దరూ ఆ ఇంటామె కోసం ఎదురుచూశారు.