చేపాసనం

"నెల్లాళ్ళుగా ఒకటే ఆసనమేంటండీ మాస్టారూ?"

ఈ జూన్‌లోనే బదిలీ మీద వచ్చిన హెడ్మాస్టరు జగన్నాథరావు గారు వరండాలోంచే అడిగారు. "సూర్యనమస్కారాలు లేవు, ప్రాణాయామం లేదు. ఎప్పుడు చూసినా పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టడమే. సోమవారం నుంచి ఈ పీరియడ్ లెక్కలకిచ్చేస్తున్నాను."

మురళీకృష్ణ మాస్టారు చేతులు జోడించారు.

"ఇవాళ ఒక్కరోజు వదిలెయ్యండి సార్. క్లాసంతా నేర్చుకున్నారు. వినీల ఒక్కతే మిగిలింది."

"ఒక్క పిల్లకి రాకపోతే కొంపలేం మునగవు కదండీ!"

మాస్టారు మైదానంలోకి నడిచారు.

రొయ్యల మేత సంచులు విప్పి కుట్టిన పట్టాల మీద ఏడో తరగతి పిల్లలు పడుకుని ఉన్నారు. వినీల కర్రలా బిగుసుకుపోయింది.

"ఏం లేదమ్మా. ఛాతీ పైకెత్తు. తల వెనక్కి వాల్చు. గుండెల నిండా గాలి పీల్చి ఆపు. అంతే."

పక్కపట్టా మీది పిల్ల గుసగుసలాడింది. "నవ్వకే. మాస్టారు బయట నిలబెట్టేస్తారంట."

మాస్టారికి వినిపించింది. చేతిలోని విజిల్ జేబులో పడేసి, తెల్లచొక్కాతోనే మట్టిలో వెల్లకిలా పడుకున్నారు. బుగ్గలు పూరించి నోరు తెరుస్తూ, మూస్తూ, కళ్ళు గుండ్రంగా తిప్పారు.

"నేనెవర్నర్రా?"

పిల్లలు తెల్లబోయారు. తర్వాత ఎవరో మెల్లగా, "చేపండీ," అన్నారు.

"ఏం చేప?"

"పులసండీ!"

"అబ్బే, పులసైతే మా నాన్న ఈపాటికి అమ్మేసుండేవోడండి!" అన్నాడు ఏసురాజు.

మైదానమంతా ఘొల్లుమంది.

"మరి మన వినీల?"

"ఎండుచేపండీ!"

వినీల కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

"నవ్వమ్మా. ఇంకా నవ్వు," మాస్టారు బతిమాలారు. "నీకెంత నవ్వొస్తే అంత నవ్వు తల్లీ."

నవ్వి నవ్వి ఆ పిల్ల భుజాలు వదులయ్యాయి. మాస్టారు ఆమె పొట్ట మీద ఒక బాదం ఆకు పెట్టారు. "ఇది పడకూడదు. ఊఁ, పీల్చు!"

ఛాతీ లేచింది. తల వెనక్కి వాలింది. ఆయన లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇరవై దాటింది. ఆకు కదల్లేదు. ముప్పై దాటింది.

"చాలండీ మాస్టారూ! వచ్చేసిందండీ దానికి!" ఏసురాజు అరిచాడు.

మాస్టారు అటు తిరిగి చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నారు.

సాయంత్రం ఏటి నడుమ లంకలో ఉండే పిల్లలు రేవుకి పరిగెత్తారు. కొత్తనీటితో గోదావరి ఎర్రగా పోటెత్తి ఉంది. మాస్టారి ఇల్లూ ఆ లంకలోనే. అందరికంటే చివర పడవెక్కి, తలల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. వినీల ఆయన్ని చూసి చేపలా బుగ్గలు పూరించింది. పిల్లలంతా పగలబడి నవ్వారు.

కిందటేడు ఇదే నీటిలో పడవ తిరగబడినప్పుడు పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది ఈ ఆసనంలోనే తేలి బతికారు. దీన్ని నేర్పుతుంటే నవ్విందని మాస్టారు నెలంతా క్లాసు బయట నిలబెట్టిన ఆయన కూతురు శ్రీదుర్గ మాత్రం తేలలేదు.