తాడు పక్క మనిషి

"సాక్షి బతికుండాలి తాతగారూ," అంది రికార్డుల ఆఫీసులో గుమాస్తా అమ్మాయి. "మీరు రాసిచ్చిన ముగ్గురూ పోయారు."

"వాళ్ళ తొందర వాళ్ళది. దానికి నేనేం చేసేది?" అన్నాడు పెద్దాయన.

అమ్మాయి నవ్వాపుకుంది. నెల తిరక్కుండా వచ్చే ఈ మనిషంటే ఆమెకు మహా ఇష్టం. ఎప్పుడో వరదల్లో ఈయన పటాలం వంతెన కట్టి ఊళ్ళకు ఊళ్ళను దాటించింది. వంతెన మీద పనిచేసిన ప్రతి సిపాయికీ పతకం వచ్చింది, ఈయనకు తప్ప. పేర్లు రాసుకున్న రోజు ఈయన కాలు విరిగి ఆసుపత్రి గుడారంలో పడి ఉన్నాడు. దాంతో రికార్డు ప్రకారం ఈయన ఆ ఛాయలకే వెళ్ళలేదు. ఉద్యోగం చేసినంతకాలం "పోతే పోయింది, బిళ్ళేగా" అని దులపరించుకున్న మనిషి, ఇప్పుడు ఆఫీసు గుమ్మం అరిగేలా తిరుగుతున్నాడు.

"ఇన్నాళ్ళకు పతకం ఎందుకండీ?"

"కవాతులో తాడు పక్కన నడవాలి."

మాజీ సైనికుల కవాతు ఏటా జరుగుతుంది. ఏ పటాలం వాళ్ళు ఆ పటాలం జెండా వెనక ఇద్దరిద్దరుగా నడుస్తారు. తాడు కట్టి జనాన్ని ఒక పక్కనే నిలబెడతారు గనక, పతకం ఉన్నవాడు తాడు పక్కన, లేనివాడు లోపల. ఇద్దరికీ ఉంటే వయసులో పెద్దవాడిది తాడు పక్క. పెద్దాయన పటాలంలో మిగిలిందే ఇద్దరు. పచ్చజెండా వెనక తాడు పక్కన మీసాలాయన, లోపల ఈయన. ఒకే ఎత్తు, ఒకే బూడిదరంగు కోటు, మీసాల దగ్గరే తేడా.

"అయితే ఆ మీసాలాయనే మీ సాక్షి!" అంది అమ్మాయి హుషారుగా.

పెద్దాయన బుర్ర గోక్కుంటూ లేచాడు.

ఇంటికొచ్చేసరికి భార్య కోటుకు గుండీ కుట్టే ప్రయత్నంలో ఉంది.

"వచ్చారా? ఈ దారం ఎక్కించండి. సూదులకు బెజ్జాలు పెట్టడం మానేసినట్టున్నారు, ఖర్మ! ఇంతకీ ఏమైంది మీ పతకాల పిచ్చి?"

"కుదిరేలా ఉంది," అంటూ దారం ఎక్కించాడు.

ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురులేదు. మొన్నటికి మొన్న, బురద కాళ్ళతో లోపలికొచ్చినందుకు కొక్కానికి వేలాడే కోటును పట్టుకుని చెడామడా తిట్టింది. వంటింట్లో ఉన్న పెద్దాయన పిల్లిలా వచ్చి కోటు పక్కన నిలబడి, "తప్పయిపోయింది, ఇంకెప్పుడూ రాను," అని లెంపలేసుకున్నాడు. కళ్ళ డాక్టరు మాటెత్తితే మటుకు ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ మాట ఎత్తడం ఆయన మానేశాడు.

మర్నాడు మీసాలాయన విషయమంతా విని మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు నాకంటే ఆరు నెలలు పెద్ద. నేను సంతకం పెడితే నా చోటు నీది."

"అవును."

"నా గొయ్యి నన్నే తవ్వుకోమంటున్నావు!"

"పలుగు కూడా నువ్వే తెచ్చుకో."

మీసాలాయన నవ్వలేదు. "చోటు సంగతి అలా ఉంచు. ఏటా మలుపు దగ్గర మీ ఆవిడ లేచి నిలబడి మరీ నాకు చెయ్యి ఊపుతుంది. నేనూ ఊపుతాను. ఎంత మర్యాదస్తురాలు! అదీ పోతుందా?"

"అదే పోవాలి."

మీసాలాయన కళ్ళు పెద్దవి చేసి చూసి, కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు. "ఈ వయసులో కుళ్ళురా నీకు!"

"అనుకో."

"వంతెన దగ్గర దుంగ నా మీద పడబోతే నన్ను పక్కకు తోసి కాలు విరగ్గొట్టుకున్నవాడివి. నిన్ను కాదంటే ఈ మీసం ఉంచుకోవడం దండగ. పద, ఎక్కడ పెట్టాలో చెప్పు సంతకం."

కవాతుకు వారం ముందు గుమాస్తా అమ్మాయే స్వయంగా పతకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెద్దాయన దాన్ని భార్యకు అందించాడు. ఆవిడ దాన్ని వేళ్ళతో అంతా తడిమి, "బరువుగానే ఉందండీ," అని మెచ్చుకుంది.

కవాతు రోజు బ్యాండు మోగుతుంటే పెద్దాయన గుండె అంతకంటే గట్టిగా మోగింది. మలుపు దగ్గర, తాడును ఆనుకుని, మడత కుర్చీలో ఆవిడ. పచ్చజెండా రాగానే లేచి చేతి రుమాలు ఊపింది. పెద్దాయన భుజం ఊడిపడేలా చెయ్యి ఊపాడు.

"అడుగు తప్పావురా!" లోపలి పక్కనుంచి పళ్ళ బిగువున అన్నాడు మీసాలాయన.

"తప్పనీ!"

అంత ఆనందం ఆయన ఎన్నడూ ఎరగడు. మిగిలిన దారంతా తప్పుటడుగులతోనే నడిచాడు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"దీనికోసం అంత తిరిగారు గానీ, నాకేం తేడా కనబళ్ళేదు బాబూ. ఎప్పట్లాగే జెండా వెనక తాడు పక్కనే నడిచారు. నేను ఏటా ఊపినట్టే ఊపాను. మీరూ ఏటా లాగే ఊపారు."

"అవును, ఏటా లాగే," అన్నాడు పెద్దాయన, ముఖం చేటంత చేసుకుని.

ఆవిడ మొగుడికి చెయ్యి ఊపడం ఇదే మొదటిసారి.